స్పానిష్‌లో ‘చేస్తున్న’ అని ఎట్ల చెప్పాలె? ఎస్తార్, హెరూందియో మీద చర్చ

ఓరుగల్లు పిల్ల (హనుమకొండ):
అందరికీ నమస్తే. నేను పీజీ చదువుకుంట పక్కన స్పానిష్ నేర్చుకుంటున్న. స్పానిష్ ఎంత వచ్చో సర్టిఫికెట్ ఇచ్చే దేలే పరీక్షల ఏ2 స్థాయి రాయాలని ఉన్నది. ఇప్పుడు హెరూందియో పాఠం నడుస్తున్నది. ఇంగ్లిష్‌ల ఐఎన్‌జీ పెట్టినట్టు స్పానిష్ క్రియకు ‘ఆందో’, ‘ఇయెందో’ పెట్టుడు. రూల్ వరకు తెలిసింది, వాడుకం కాడనే ఆగిన.

పుస్తకంల ఒక బొమ్మ ఇచ్చి వర్ణించమన్నరు. ఒక తాత అరుగు మీద కూర్చున్నడు, తెల్లంగి తొడుక్కున్నడు, పేపర్ చదువుతున్నడు. ఇంగ్లిష్‌ల అయితే మూడింటికీ ఐఎన్‌జీ వస్తది. జవాబుల పేజీల మాత్రం చదువుతున్నడు అనేదానికే హెరూందియో ఉన్నది, మిగతా రెండు వేరే తీరుగ ఉన్నయి. ఎందుకో ఎవరన్న చెప్తరా?

(స్పానిష్ మాటలను తెలుగు లిపిలనే రాస్తున్న, ఫోన్ల చదివేటోళ్లకు సులువైతదని.)

మానేరు ఒడ్డు (కరీంనగర్):
చెల్లె, ఇంగ్లిష్‌ను కొంచెంసేపు పక్కకు పెట్టి నువ్వు రాసిన తెలుగు వాక్యాన్నే మళ్ల చదువు. కూర్చున్నడు, తొడుక్కున్నడు, చదువుతున్నడు. మొదటి రెండింటికి నువ్వు ‘తున్న’ పెట్టలేదు. మూడోదానికే పెట్టినవ్. స్పానిష్ వాళ్లు చేసేది కూడ గదే.

కూర్చునే పని ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఆ స్థితిల ఉన్నడు. అందుకే ‘ఎస్తా సెంతాదో’. ఇండ్ల సెంతాదో హెరూందియో కాదు, జరిగిపోయిన పనిని చెప్పే రూపం, మన ‘కూర్చున్న’ లెక్క. ‘ఎస్తా సెంతాందోసె’ అంటే కూర్చుంటున్నడు అని. అంటే మోకాళ్లు వంచి, చెయ్యి గోడకు ఆనించి, ఇంకా అరుగు మీదికి పూర్తిగ చేరలేదన్నట్టు. బొమ్మల తాత ఆ క్షణంల లేడు కదా.

అంగి కూడ అంతే. ‘యేబా ఊనా కమీసా బ్లాంకా’ అంటే తెల్లంగి తొడుక్కొని ఉన్నడు. ‘సె ఎస్తా పొనియెందో లా కమీసా’ అంటే తొడుక్కుంటున్నడు, ఒక చెయ్యి ఇంకా బయటనే ఉన్నది. నిలబడ్డడు అంటే ‘ఎస్తా దె పియే’. పండుకున్నడు అంటే ‘ఎస్తా అకొస్తాదో’. వీటిల ఎక్కడ హెరూందియో రాదు.

చదువుతున్నడు మాత్రం నిజంగ నడుస్తున్న పని. అందుకే ‘ఎస్తా లెయెందో ఎల్ పెరియోదికో’.

నేను ఆన్‌లైన్‌ల స్పానిష్ చెప్త. ఇంగ్లిష్ మీదికెల్లి పోయేటోళ్లకు ఈ కూర్చునుడు, నిలబడుడు, తొడుక్కునుడు కాడ ఎప్పుడూ తికమకనే. తెలుగుల ఆలోచించి రాసేటోళ్లకు అడగకుండనే వస్తది.

కాజీపేట్ జంక్షన్:
అన్నా, ఇది బాగున్నది గనీ అన్నిటికీ తెలుగు పనికొస్తదా? పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లనే ఉన్నయి, క్లాసులు కూడ ఇంగ్లిష్‌లనే. మధ్యల తెలుగు తెస్తే రెండింతల పని కాదా?

మానేరు ఒడ్డు:
అన్నిటికీ రాదు తమ్మీ. తెలుగు దారి తప్పించే చోట్లు కూడ ఉన్నయి, కింద చెప్త. అయితే నడుస్తున్న పనిని చెప్పేకాడ మాత్రం తెలుగుకు స్పానిష్‌కు ఉన్నంత పోలిక ఇంగ్లిష్‌కు లేదు.

లక్నవరం (ములుగు):
కొత్తగ వచ్చేటోళ్ల కోసం రూపాలు ఒక్కదగ్గర పెడుత. ఎరిగినోళ్లు దాటేయండి.

ఆర్‌తో ముగిసే అబ్లార్ (మాట్లాడు) అబ్లాందో అయితది. ఏర్‌తో ముగిసే కొమేర్ (తిను) కొమియెందో. ఈర్‌తో ముగిసే ఎస్క్రిబీర్ (రాయు) ఎస్క్రిబియెందో. ముందట ఎస్తార్ (ఉండు) పెట్టాలె: ఎస్తోయ్, ఎస్తాస్, ఎస్తా, ఎస్తామోస్, ఎస్తాన్. ఉండుడుకే ఇంకో క్రియ సేర్ ఉన్నది, దాన్ని ఎప్పుడూ పెట్టొద్దు. ‘సోయ్ అబ్లాందో’ అనే మాటే లేదు.

అచ్చు తర్వాత ‘ఇయెందో’ వస్తే అది ‘యెందో’ అయితది. లెయేర్ నుంచి లెయెందో, ఓయీర్ (విను) నుంచి ఓయెందో, త్రాయేర్ (తెచ్చు) నుంచి త్రాయెందో. ఈర్ (పోవు) అయితే ఉత్త యెందో.

అసలు చిక్కు ఈర్ గుంపుల ఉన్నది. దోర్మీర్ (నిద్రపోవు) దుర్మియెందో అయితది, పెదీర్ (అడుగు) పిదియెందో, దెసీర్ (చెప్పు) దిసియెందో. వర్తమానంల అచ్చు మారే క్రియలల్ల నడుమ ఒ ఉంటే ఉ, ఎ ఉంటే ఇ. ఇది ఈర్ గుంపుకే. పెన్సార్ (ఆలోచించు), బొల్బేర్ (తిరిగివచ్చు) అనేవి వర్తమానంల పియెన్సో, బుయెల్బో అని మారినా హెరూందియోల మారవు, పెన్సాందో, బొల్బియెందో అనే ఉంటయి. ఏర్ గుంపుల పొదేర్ (చేయగలుగు) ఒక్కటి వేరు, అది పుదియెందో.

పలుకుబడి విషయంల మనకు తిప్పలు లేదు. ఆ ‘దో’ మన ద లాంటిదే, నాలుక పండ్లకు తాకాలె. ఇంగ్లిష్ అలవాటుతోటి ‘డో’ అనకుర్రి.

ఓరుగల్లు పిల్ల:
తాత సంగతి తేటపడ్డది అన్న. ఇంకోటి. తెలుగు దారి తప్పించే చోట్లు అన్నరు కదా, అవి కూడ చెప్పండి.

మానేరు ఒడ్డు:
పెద్దది రేపటి సంగతి. మనం ‘రేపు హైదరాబాద్ పోతున్న’ అంటం. ఇంకా ఇంట్లనే ఉన్నం, బ్యాగు కూడ సదురలేదు, అయినా ‘పోతున్న’ అంటం. ఇంగ్లిష్‌ల కూడ అంతే. స్పానిష్‌ల అది కుదరదు. హెరూందియో అంటే ఇప్పుడు కండ్ల ముందట నడుస్తున్న పని. రేపటిదైతే ‘మాన్యానా బియాహో ఆ హైదరాబాద్’ అని వట్టి వర్తమానం వాడాలె, లేకుంటే ‘బోయ్ ఆ బియాహార్’ అనాలె. తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒక్క దిక్కే గుంజుతయి కాబట్టి ఇక్కడ పైలంగ ఉండాలె.

రెండోది రోజువారీ పని. ‘బ్యాంకుల పని చేస్తున్న’, ‘పొద్దున పొద్దున వాకింగ్ చేస్తున్న’ అంటం. స్పానిష్‌ల ఇవి త్రబాహో, కమీనో అనే వట్టి వర్తమానాలే. ‘ఎస్తోయ్ త్రబహాందో’ అంటే ఈ నిమిషంల కంప్యూటర్ ముందట కూసున్న, తర్వాత మాట్లాడుదాం అన్నట్టు వినబడ్తది.

ఇంకోటి, వట్టి వర్తమానం కూడ ‘ఇప్పుడు’ అనే అర్థం ఇయ్యగలదు. ‘కె ఆసేస్?’ అంటే మన ‘ఏం జేత్తానవ్?’ అన్నట్టే. ఫోన్ల ఎవరన్న అట్లడిగితే నీ ఉద్యోగం గురించి అనుకోవద్దు.

కాజీపేట్ జంక్షన్:
మరి ‘హనుమకొండల ఉంటున్న’? మా సార్ ‘ఎస్తోయ్ బిబియెందో’ తప్పు, బీబో అనే రాయాలె అన్నడు. నెట్‌ల మాత్రం చాన మంది స్పానిష్ వాళ్లే ఎస్తోయ్ బిబియెందో అని రాస్తున్నరు.

గోదారి గాలి (మంచిర్యాల):
సార్ చెప్పింది పూర్తిగ ఒప్పుకోను. సొంతిల్లు ఉన్నోళ్లు బీబో అనాలె. హాస్టల్ల ఉండి చదువుకునేటోళ్లు, అన్న ఇంట్ల కొన్ని నెలలకు ఉండేటోళ్లు ఎస్తోయ్ బిబియెందో అంటే తప్పేం లేదు, పైగ అదే సరిగ్గ సరిపోతది. కొన్నాళ్లకు అని ఆ హెరూందియోనే చెప్తది. నీ సంగతి ఏందో చూసి రాయి.

మానేరు ఒడ్డు:
గోదారి గాలి చెప్పింది నిజం. పరీక్షల మాత్రం నీ గురించి రాసేటప్పుడు బీబో రాస్తే ఎవ్వరూ అడ్డు చెప్పరు.

తెలుగు మాస్టారు (జనగామ):
నాకు స్పానిష్ రాదు, తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా మనుమరాలు ఈ చర్చ చూపించింది. ఒకటి అడుగుతాను. పదో తరగతి వ్యాకరణంలో ‘చేస్తూ’ను శత్రర్థకం అంటాం, ‘చేసి’ని క్త్వార్థకం అంటాం, ‘చేస్తే’ను చేదర్థకం అంటాం. మీరు చెప్పే ఈ ఆందో, ఇయెందోలు శత్రర్థకమేనా? ‘పాట పాడుతూ వచ్చాడు’ అన్నప్పుడు ఆ ‘పాడుతూ’కు కూడా ఇదే రూపం వస్తుందా? లేక ‘ఉన్నాడు’ పక్కన ఉంటేనే వస్తుందా?

మానేరు ఒడ్డు:
మాస్టారూ, నమస్కారం. మీరు అడిగిందే దీనికి మూలం. అవును, అది శత్రర్థకమే. ‘పాడుకుంట వచ్చిండు’ అంటే ‘బీనో కాంతాందో’. బీనో అంటే వచ్చిండు, కాంతాందో అంటే పాడుకుంట. మాటల వరుస తిరగబడ్డది, అంతే. క్రియ ఎట్ల జరిగిందో చెప్పే పని రెండు భాషలల్ల ఒక్కటే.

‘ఉన్నడు’ పక్కన రావుడు దాని ఒక వాడుక. మన ‘చదువుతున్నడు’ కూడ చదువుతూ, ఉన్నడు కలిస్తేనే కదా అయింది. ఎస్తా లెయెందోల కూడ అవే రెండు ముక్కలు, విడివిడిగ నిలబడ్డయి.

ఇంక ఇది చూడుర్రి. ‘ఉన్నడు’ స్థానంల వేరే క్రియలు పెడితే అర్థాలు ఎట్ల మారుతయో:

‘ఆందా దిసియెందో’. ఆందార్ అంటే నడుచుడు, తిరుగుడు. మొత్తం అర్థం: చెప్పుకుంట తిరుగుతాండు. ఊరంత తిరిగి నలుగురి చెవులల్ల వేస్తున్నడు అని. మనం కూడ గదే క్రియతోటి గదే మాట అంటం.

‘బోయ్ అప్రెందియెందో’. బోయ్ అంటే పోతున్న. నేర్చుకుంట పోతున్న, మెల్లమెల్లగ ఒక్కొక్కటి వస్తున్నది అని.

‘బియెనె దిసియెందో’. బియెనె అంటే వస్తడు. ఎన్నాళ్ల సందో చెప్పుకుంట వస్తున్నడు.

‘సీగె యోబియెందో’. సెగీర్ అంటే వెంబడి పోవుడు, కొనసాగుడు. వాన పడుతనే ఉన్నది, ఇంకా తెరిపియ్యలేదు.

ఈ నాలుగింటిని ఇంగ్లిష్‌లకు దింపాలంటే ఒక్కోదానికి ఒక్కో తీరు మాట వెతుక్కోవాలె. తెలుగుల మొదటి మూడింటికి అవే క్రియలు, అవే అర్థాలు. స్పానిష్‌కు తెలుగుకు చుట్టరికం ఏం లేదు. పోవుడు, వచ్చుడు, తిరుగుడు అనే కదలికల నుంచి కాలం ఎట్ల సాగుతున్నదో చెప్పుడు రెండు భాషలూ దేనికదే నేర్చుకున్నయి.

తెలుగు మాస్టారు:
చాలా సంతోషం. ‘చెప్పుకుంటూ తిరుగుతున్నాడు’ని పిల్లలకు ఒక ప్రయోగంగా ఎప్పుడూ విడదీసి చెప్పలేదు మేము. మరి క్త్వార్థకం? ‘బస్సెక్కి కాజీపేటలో దిగాను’ అన్నప్పుడు ‘ఎక్కి’కి కూడా ఇదే వస్తుందా?

మానేరు ఒడ్డు:
రాదు మాస్టారూ. ఒకటైనంక ఇంకొకటి జరిగిన పనులను ప్రామాణిక స్పానిష్‌ల హెరూందియోతోటి అతికించకూడదు. ఎక్కిన, దిగిన అని రెండు పూర్తి క్రియలు పెట్టాలె, లేకుంటే దెస్పుయేస్ దె అని చెప్పాలె. ‘తిన్నంక’ అంటే దెస్పుయేస్ దె కొమేర్. అక్కడ కొమియెందో కాదు, కొమేర్.

లక్నవరం:
దీనికి చుట్టంలాంటి సంగతి ఇంకోటి ఉన్నది. ‘చదువుడు మంచిది’ అంటే ‘లెయేర్ ఎస్ బుయెనో’. పని పేరు చెప్పేకాడ మూల రూపమే వస్తది. చదువుడుకు లెయేర్, చదువుకుంటకు లెయెందో. ఇంగ్లిష్‌ల రెండింటికీ ఒక్కటే ఐఎన్‌జీ కాబట్టి ‘లెయెందో ఎస్ బుయెనో’ అని రాసేస్తరు.

సిరిసిల్ల సాంచె:
నాదొక ప్రశ్న. ‘చదువుతున్న పిల్ల’ అంటే ‘లా చీకా లెయెందో’ అనొచ్చా?

మానేరు ఒడ్డు:
ఇండ్ల జాగ్రత్త గావాలె. హెరూందియో క్రియకు అతుక్కుంటది, పేరుకు అతుక్కోదు. ‘చదువుతున్న పిల్ల నా చెల్లె’ అనాలంటే ‘లా చీకా కె ఎస్తా లెయెందో’ అని విడమరిచి చెప్పాలె. 1847ల ఆంద్రేస్ బెల్యో రాసిన వ్యాకరణం కాన్నుంచి పండితులు దీన్ని గట్టిగనే చెప్పుకుంట వస్తున్నరు. అయినా స్పెయిన్‌ల ప్రభుత్వ గెజిట్లల్ల, పేపర్లల్ల ‘ఫలానాదాన్ని క్రమబద్ధం చేస్తున్న చట్టం’ అన్నట్టు రాస్తనే ఉంటరు. దానికి గెజిట్ హెరూందియో అని పేరే పడ్డది.

రెండు మాటలకు మాత్రం మినహాయింపు ఉన్నది: ఆగ్వా ఇర్బియెందో (మసులుతున్న నీళ్లు), కాసా అర్దియెందో (కాలుతున్న ఇల్లు).

చూసుడు, వినుడు క్రియల పక్కన మళ్ల తప్పులేదు. ‘ఓయీ ఆ మి ఎర్మానా కాంతాందో’ అంటే మా చెల్లె పాడుతుంటే విన్న. బొమ్మ కింద రాసే మాటలకు కూడ తప్పులేదు. మన పేపర్లు సద్దుల బతుకమ్మ నాడు ‘బతుకమ్మ ఆడుతున్న మహిళలు’ అని ఫొటో కింద వేస్తయి కదా, అట్ల ‘ముహేరేస్ బైలాందో’ అని వేయొచ్చు.

ఓరుగల్లు పిల్ల:
ఇయ్యాల అభ్యాసం కోసం ఎనుమాముల మార్కెట్ మీద కొన్ని వాక్యాలు రాసిన. మా బాపు మిర్చి తెచ్చినప్పుడు వెంబడి పోయి చూసినదాన్నే రాసిన, కాబట్టి అక్కడ ఎవరెవరు ఏం చేస్తున్నరో కండ్ల ముందటనే ఉన్నది. చూసి చెప్పండి.

హమాలీలు బస్తాలు దింపుతున్నరు: లోస్ కర్గదోరేస్ ఎస్తాన్ దెస్కర్గాందో సాకోస్.
ఒకామె కింద రాలిన కాయలు ఊడుస్తున్నది: ఊనా ముహేర్ ఎస్తా బర్రియెందో ఎల్ సుయెలో.
కొనేటాయన బస్తాలు విప్పుతున్నడు: ఎల్ కొంప్రదోర్ ఎస్తా అబ్రియెందో లోస్ సాకోస్.
బాపు రెండు గంటల సంది కాంటా కోసం చూస్తున్నడు: ఇది ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు.

గోదారి గాలి:
మొదటి రెండు బాగున్నయి. మూడోది తప్పు కాదు గనీ నువ్వు చూసింది గది కాదు. మార్కెట్ల ఖరీదుదారు ఒక్క బస్తా కాడ ఆగడు. ఒకటి విప్పుతడు, పిడికెడు కాయ తీస్తడు, ఒక తేజ కాయను మధ్యకు విరిచి గింజ చూస్తడు, తొడిమె చూస్తడు, మూసి పక్క బస్తాకు పోతడు. ‘విప్పుకుంట పోతున్నడు’ అది. కాబట్టి ‘బా అబ్రియెందో లోస్ సాకోస్’ రాయి. ఎస్తా పెడితే ఒక్క పని నడుస్తున్నదని మాత్రమే తెలుస్తది. బా పెడితే వరుస కనబడ్తది, ఆయన నడక కూడ కనబడ్తది.

మానేరు ఒడ్డు:
నాలుగోదాంట్ల మన ‘సంది’కి స్పానిష్ వాళ్లు వాడేది యెబార్. అంగి తొడుక్కున్నడు అన్నకాడ వచ్చిందే ఈ క్రియ, మోసుడు అని దాని అర్థం. యేబా, ఆ తర్వాత ఎంతసేపో, ఆ తర్వాత హెరూందియో. ‘మి పాద్రె యేబా దోస్ ఓరాస్ ఎస్పెరాందో’. రెండు గంటల సంది ఎదురుచూస్తున్నడు. దీంట్ల ‘సంది’కి వేరే మాట పెట్టొద్దు, యెబారే ఆ పని చేస్తది. నీ గురించి రాసేటప్పుడు ‘యేబో ఊన్ ఆన్యో ఎస్తుదియాందో ఎస్పాన్యోల్’ అను, ఏడాది సంది స్పానిష్ చదువుతున్న అని.

ఓరుగల్లు పిల్ల:
మార్కెట్ ముచ్చట నిన్నటిదైతే?

లక్నవరం:
రెండు తీర్లు ఉన్నయి, తెలుగుల మాత్రం తేడా కనబడదు. ‘నువ్వు ఫోన్ చేసినప్పుడు చదువుతున్న’ అంటే ఎస్తాబా ఎస్తుదియాందో. మధ్యల ఇంకో పని వచ్చి పడ్డది, చదువు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు ముగిసిందో చెప్పలే. ‘నిన్న ఏడింటి నుంచి తొమ్మిదింటి దాక చదువుకుంట ఉన్న’ అంటే ఎస్తూబే ఎస్తుదియాందో. మొదలు, చివర తెలిసిన పొద్దు. బాపు కాంటా అయ్యేదాక నిన్న మూడు గంటలు ఎదురుచూసిండు, అయిపోయింది అంటే ఎస్తూబో ఎస్పెరాందో. ఇది మాత్రం చెవికి అలవాటు చేసుకోవాలె, వేరే ఉపాయం లేదు.

సిరిసిల్ల సాంచె:
‘దాన్ని చేస్తున్న’ అనేటప్పుడు ఆ ‘దాన్ని’ ఎక్కడ పెట్టాలె? ముందా, ఎనకనా?

లక్నవరం:
రెండూ సరైనవే. ‘లొ ఎస్తోయ్ అసియెందో’ అనొచ్చు, ‘ఎస్తోయ్ అసియెందోలో’ అని తోకకు అతికించొచ్చు. అతికిస్తే రాతల ఆ ‘యె’ అచ్చు మీద గీత పెట్టాలె, మార్కులు పోయేది అక్కడనే. ఎస్తోయ్‌కు అసియెందోకు నడుమల మాత్రం పెట్టొద్దు.

జగిత్యాల రాత్రి షిఫ్ట్:
నేను హైదరాబాద్‌ల స్పానిష్ ప్రాసెస్‌ల పని చేస్తున్న, కాల్స్ లాటిన్ అమెరికా నుంచి వస్తయి. ఇందాక మాస్టారు అడిగిన ‘చేసి’ సంగతికి నా దగ్గర ఒక ముచ్చట ఉన్నది. ఎక్వడోర్‌ల కొండ ప్రాంతపోళ్లు హెరూందియోను అచ్చం మన క్త్వార్థకం తీరుగ వాడుతరు. ‘దామె సెర్రాందో లా పుయెర్తా’ అంటరు. దామె అంటే నాకు ఇయ్యి, సెర్రాందో అంటే మూసుకుంట. వాళ్ల అర్థం మాత్రం ‘కొంచెం తలుపు మూసివ్వవా’ అని, మర్యాదగ అడుగుడు. మనం ‘రాసియ్యి’, ‘చేసియ్యి’ అనమా, గట్లనే.

‘బెంగో కొమియెందో’ అని కూడ అంటరు. స్పెయిన్ వాళ్లకు అది తినుకుంట వస్తున్న అని వినబడ్తది. ఎక్వడోర్ కొండల్ల దాని అర్థం తినొచ్చిన అని. అక్కడ కిచువా అనే పాత భాష ఉన్నది, ఇంకా మాట్లాడుతరు. అది కూడ మన తెలుగు లెక్క క్రియను వాక్యం చివర పెట్టి, ముందటి పనులను ప్రత్యయాలతోటి కట్టుకుంట పోయే భాష. ఆ పద్ధతి స్పానిష్‌లకు దిగింది. పక్క సీటాయన ఢిల్లీల నేర్చుకున్నడు, ఆయనకు వివరించి చెప్పాల్సి వచ్చింది. నాకైతే మొదటి కాల్‌లనే అర్థమైంది.

తెలుగు మాస్టారు:
‘తినొచ్చిన’! అంత దూరాన ఉన్న కొండల్లో కూడా ఇదే పద్ధతి ఉందంటే ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. మా మనుమరాలితో రేపు ఈ రెండు వాక్యాలూ నోట్‌బుక్‌లో రాయిస్తాను.

ఓరుగల్లు పిల్ల:
దేలే పరీక్షల ‘దామె సెర్రాందో’ అని రాయొచ్చా అన్న?

జగిత్యాల రాత్రి షిఫ్ట్:
రాయకు చెల్లె. అక్కడ ‘పుయెదె సెర్రార్ లా పుయెర్తా, పోర్ ఫబోర్’ అనే రాయి. ఇది వినేటప్పుడు పనికొస్తది. ఎక్వడోర్ రాజధాని క్వీతో దిక్కు నుంచి ఎవరన్న నీకు ‘దామె’ అని మొదలుపెట్టి ఆందోతోటి ముగిస్తే, ఏదో ఇయ్యమంటున్నరని కంగారు పడకు. ఆందోకు ముందు ఏ క్రియ ఉన్నదో చూసుకొని ఆ పని చేసియ్యి.